వరల్డ్ ఫెయిర్ రికార్డులు: అట్ట మీది బొమ్మకు డబ్బులు పెట్టకండి

దేశదేశాలు కలిసి పెట్టే పెద్ద ప్రదర్శన వరల్డ్ ఫెయిర్. దాని జ్ఞాపికలంటూ ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టే పాత గ్రామఫోన్ రికార్డుల్లో చాలావాటికి ఆ ఫెయిర్‌తో చుట్టరికం అట్ట వరకే. పైన సియాటిల్ స్పేస్ నీడిల్ టవర్‌నో, బ్రస్సెల్స్ అటోమియం కట్టడం గోళాలనో పెద్దగా అచ్చువేస్తారు. లోపల ఏదో స్టూడియో ఆర్కెస్ట్రా వాయించిన పాత పాటలుంటాయి. బ్రస్సెల్స్ 1958, సియాటిల్ 1962, న్యూయార్క్ 1964-65, మాంట్రియల్ 1967, ఒసాకా 1970... ఊర్లు మారాయి గానీ ఈ వ్యాపారం మారలేదు. చెర్వుగట్టు జాతరలో దేవుని ఫొటో ఉన్న డబ్బాలో సినిమా పాటల క్యాసెట్ పెట్టి చేతికిచ్చినట్టే అనుకోండి.

అందుకే ఈ రివ్యూలో కొలబద్ద ఒక్కటే: రికార్డులో ఉన్న సంగీతం ఆ ఫెయిర్‌లో నిజంగా వినిపించిందా? వినిపించి ఉంటే నాలుగు గీతలున్నా కొనవచ్చు. లేకపోతే తళతళలాడుతున్నా వద్దు. ఇక నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ వైపు ఉండేవాళ్ళకు ఎండ, నీళ్ళు, కరెంటు అని ఇంకో మూడు తంటాలున్నాయి. వాటి గురించి ఏ అమెరికా వెబ్‌సైటూ చెప్పదు కాబట్టి చివర కొంచెం ఎక్కువే రాశాం.

ఒక్క రికార్డుకే డబ్బులుంటే సియాటిల్ ఫెయిర్‌దే కొనండి. అటిలియో మినియో చేసిన ‘మ్యాన్ ఇన్ స్పేస్ విత్ సౌండ్స్’ ఎల్‌పీ (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డు) అది. 1962 ఏప్రిల్ 21 నుంచి అక్టోబర్ 21 దాకా సియాటిల్‌లో సెంచరీ 21 ఎక్స్‌పొజిషన్ జరిగింది. అక్కడి కొలీజియంలో ‘బబులేటర్’ అని పారదర్శకమైన ప్లాస్టిక్ గోళం ఒకటి ఉండేది. నిజానికి అదొక లిఫ్టు. జనాన్ని అందులో నిలబెట్టి పైనున్న ‘రేపటి ప్రపంచం’ ప్రదర్శనకు ఎక్కించేవాళ్ళు. ఆ ప్రయాణంలో వినిపించింది మినియో సంగీతమే. దాన్నే ఎల్‌పీగా వేసి ఫెయిర్‌లో అమ్మారు. మన కొలబద్దకు ఇంతకన్నా బాగా సరిపోయే రికార్డు దొరకడం కష్టం.

వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఫెయిర్ అంతా భవిష్యత్తు బంగారమని చాటుతుంటే ఈ సంగీతంలో ఉత్సాహం చుక్క కూడా లేదు. ఆర్కెస్ట్రా ధ్వనుల్ని టేపు మీద సాగదీసి, వంచి, ఎలక్ట్రానిక్ శబ్దాలతో కలిపేశాడు. తీగ వాద్యాలు ఎక్కడో దూరంగా మూలుగుతుంటాయి, కింద సన్నటి గుంయ్‌మనే శబ్దం నడుస్తుంటుంది. మోనోరైలు మీద ఒక ముక్క, బోయింగ్ స్పేసేరియం మీద ఒక ముక్క ఉన్నాయి. పేర్లు చూసి హుషారైన బాణీలనుకుంటే పొరపాటు, రెండూ చీకట్లో నడుస్తున్నట్టే ఉంటాయి. మధ్యమధ్యలో ఒక వ్యాఖ్యాత వచ్చి ఫెయిర్ గొప్పతనం చదువుతాడు. మొదటిసారి వినేటప్పుడు ఆ గొంతు అడ్డుపుల్లలా అనిపిస్తుంది. అయితే దీన్ని జ్ఞాపిక చేసింది కూడా ఆ గొంతే, దాన్ని తీసేస్తే ఇది మామూలు ప్రయోగాత్మక సంగీతపు ఎల్‌పీ.

కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. ఇందులో సంగీతం చాలాచోట్ల నెమ్మదిగా ఉంటుంది. పెద్దగా మోగే బ్యాండు రికార్డులో చిటపటలు పాట కింద దాక్కుంటాయి, ఇందులో పైకి తేలతాయి. అందుకని ‘వీజీ’ (వెరీ గుడ్ అంటారు గానీ గీతలుంటాయి) గ్రేడు రికార్డు తీసుకోవద్దు, ‘వీజీ ప్లస్’కు తగ్గకండి. అమ్మేవాళ్ళను మొదటి రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి పంపమని అడగండి. వినడమే ముఖ్యం, పాతదే కావాలన్న పట్టింపు లేదంటే సబ్‌లిమినల్ సౌండ్స్ అనే స్వీడన్ కంపెనీ 1998లో మళ్ళీ విడుదల చేసింది, అది చాలు.

బ్రస్సెల్స్ ఎక్స్‌పో 58 రికార్డుల్లో అందరూ చెప్పుకునేది ఫిలిప్స్ కంపెనీ పెవిలియన్ (ఫెయిర్‌లోని ప్రదర్శన భవనం) సంగీతం. కట్టడం వాస్తుశిల్పి ల కార్బూజియే పేరు మీద ఉన్నా దాని వంపుల గోడల లెక్క సంగీతకారుడు కూడా అయిన యానిస్ జెనాకిస్‌ది. సంగీతకారుడు ఎడ్గార్ వరేజ్ నెదర్లాండ్స్‌లో అయిన్‌హోవెన్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో కూర్చుని నేరుగా టేపు మీదే ‘పోయెమ్ ఎలక్ట్రోనీక్’ కూర్చాడు. ఎనిమిది నిమిషాల ముక్క అది. ఒక ఆట చూసినవాళ్ళు బయటికి పోతూ, తర్వాతి ఆటకు జనం లోపలికి వస్తూ ఉండగా జెనాకిస్ చేసిన రెండున్నర నిమిషాల ముక్క మోగేది. మండుతున్న బొగ్గులు చిట్లే శబ్దాలను కత్తిరించి పేర్చిందది. 1959 మొదట్లోనే పెవిలియన్‌ను కూల్చేశారు.

రికార్డుతో వచ్చే చిక్కు ఇక్కడే. పెవిలియన్ లోపల వందల స్పీకర్లు గోడల పొడుగునా బిగించి, శబ్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తేలా నడిపించారు. 1960లో కొలంబియా కంపెనీ విడుదల చేసిన ఎల్‌పీలో, రాబర్ట్ క్రాఫ్ట్ నిర్వహించిన వరేజ్ రచనలతో పాటు ఈ ముక్క కూడా ఉంది. కానీ ఆ పరుగంతా రెండు చానెళ్ళకు కుదించేశారు. మోనో ప్రతిలో ఆ రెండు కూడా ఒక్కటైపోయాయి. స్టీరియో ప్రతే కొనండి, దీని విషయంలో మోనో తక్కువకు వచ్చినా దండగే. జెనాకిస్ ముక్క కోసం ఈ ఎల్‌పీ కొనకండి, అది వేరే రికార్డుల్లో దొరుకుతుంది.

అదే ఫెయిర్‌లో 1958 మేలో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బ్యాండు వాయించింది. ఖర్చు పెట్టుకున్నది వెస్టింగ్‌హౌస్ బ్రాడ్‌కాస్టింగ్. కొలంబియా రెండు భాగాలుగా ఎల్‌పీలు వేసింది, జిమ్మీ రషింగ్ పాడిన పాటలున్నాయి. ఫెయిర్‌లో జరిగిన కచేరీయే, ఫెయిర్ కోసం చేసిన సంగీతం కాదు. బాగుంటుంది, జాజ్ ఇష్టమైతే తప్పకుండా తీసుకోవచ్చు. అయితే ఇవి విరివిగా అచ్చయిన రికార్డులు, ‘అరుదైనది’ అని ధర పెంచి చెప్పేవాళ్ళకు దండం పెట్టి పక్కకు జరగండి.

న్యూయార్క్ 1964-65 దగ్గర సరుకు ఎక్కువ, తాలు ఇంకా ఎక్కువ. షెర్మన్ సోదరులు రాసిన ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ పుట్టింది ఈ ఫెయిర్ కోసమే. యునిసెఫ్‌కు వందనంగా పెప్సీకోలా పెట్టిన పెవిలియన్‌లో పడవల్లో తిప్పుతూ వినిపించారు. పల్లవి, చరణం ఒకేసారి పాడినా అతికేలా కట్టిన బాణీ అది. ఎల్‌పీలో రెండు గుంపులు కలిసే చోట ఆ పనితనం స్పష్టంగా తెలుస్తుంది. డిస్నీలాండ్ రికార్డ్స్ వాళ్ళు ఈ పేరుతో ఒకటికి మించి ఎల్‌పీలు వేశారు. మీకు కావాల్సింది పడవ ప్రయాణాన్ని దేశం దేశంగా చెప్పుకుంటూ పోయేది, లోపల బొమ్మల పుస్తకం కుట్టి ఉండేది. పుస్తకం పేజీలన్నీ ఉన్నాయా అని అడగండి, నడి పేజీ చినిగిపోవడం మామూలే. ఆ ఫెయిర్‌కు అధికారిక పాట రాసింది రిచర్డ్ రాజర్స్, ‘ఫెయిర్ ఈజ్ ఫెయిర్’. పేరు పెద్దదే, పాట మాత్రం ఒకసారి విన్నాక రెండోసారి పెట్టబుద్ధి కాదు. దానికన్నా బొమ్మలాట ప్రదర్శన ‘లే పూపే ద పారీ’ని ఆర్‌సీఏ కంపెనీ వేసిన ఎల్‌పీ మేలు. పెర్ల్ బెయిలీ, లిబరాచీ లాంటివాళ్ళ గొంతులకు బొమ్మలు ఆడాయి. పిల్లల బొమ్మలాట అనుకునేరు, అది పెద్దలకు ఉద్దేశించిన ఆటపాటల ప్రదర్శన.

మాంట్రియల్ రికార్డుల్లో మోసం కన్నా గందరగోళం ఎక్కువ. 1967లో కెనడాకు నూరేళ్ళు నిండాయి, ఎక్స్‌పో 67 కూడా అదే ఏడాది. రెండింటి రికార్డులూ కలగలిసిపోయాయి. బాబీ గింబీ పిల్లలతో పాడించిన ‘కెనడా’ నూరేళ్ళ పండుగ పాట. ఆర్‌సీఏ విక్టర్, కెనడా రేడియో సంస్థ సీబీసీ కలిసి వేసిన 17 ఎల్‌పీల సెట్టు కూడా ఆ పండుగదే. ఎక్స్‌పో పాట స్తెఫాన్ వెన్ రాసిన ‘అన్ జూర్, అన్ జూర్’. 35 దేశాల నుంచి వచ్చిన 2,200కు పైగా పాటల్లో ఇది గెలిచింది. ఫ్రెంచి ప్రతి తీసుకోండి, ఇంగ్లీషు మాటలు బాణీ మీద బలవంతంగా కూర్చోబెట్టినట్టుంటాయి. ఒంటారియో పెవిలియన్ సినిమా కోసం డోలొరెస్ క్లామన్ చేసిన ‘ఎ ప్లేస్ టు స్టాండ్’ 45 రికార్డు (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్నది) కూడా మన కొలబద్దకు నిలుస్తుంది.

ఒసాకాది వేరే లెక్క. ‘సెకాయి నో కుని కరా కొన్నిచివా’ అనే పాటను ఫెయిర్‌కు మూడేళ్ళ ముందే, 1967లో, రకరకాల కంపెనీలు తమతమ గాయకులతో పాడించి పోటాపోటీగా వదిలాయి. బాణీ నకమురా హచిదాయ్‌ది. జనం నోళ్ళలో నానింది తేచికు కంపెనీలో మినామీ హారువో పాడిన ప్రతి. సకమోతో క్యూ పాడింది కూడా దొరుకుతుంది, గొంతు హాయిగా ఉంటుంది గానీ ఫెయిర్ మైదానంలో లౌడ్‌స్పీకరు వేడి మినామీలోనే ఉంది. ఇవి లక్షల్లో అమ్ముడుపోయిన రికార్డులు, తక్కువకే వస్తాయి. దీనికి పూర్తిగా ఎదురు చివర స్టీల్ పెవిలియన్ సంగీతం ఉంది. సుమారు 800 స్పీకర్లున్న ఆ హాలు కోసం జెనాకిస్ ‘హిబికి హన మా’ను, తకెమిట్సు ‘క్రాసింగ్’ను చేశారు. ఖరీదెక్కువ, వినడానికి ఓపిక కావాలి. బ్రస్సెల్స్ ముక్క నచ్చినవాళ్ళే అటు పోవాలి.

1939 న్యూయార్క్ ఫెయిర్ రికార్డులు, జార్జ్ గెర్ష్విన్ చనిపోయాక ఆయన మిగిల్చిన బాణీలతో కట్టిన ‘డాన్ ఆఫ్ ఎ న్యూ డే’ సహా, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు. వాటికి 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతుకు మూడింతలు) మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్‌పీ ముల్లు ఆ వెడల్పు గాడిలో అడుగుకు జారి మట్టిని గీకుతూ పోతుంది. వేరే ముల్లు లేకపోతే వాటి జోలికి వెళ్ళొద్దు.

ఎక్కువమంది నష్టపోయేది పలుచని రికార్డుల దగ్గర. పెవిలియన్లలో పంచిపెట్టినవి, జపాన్‌లో సోనోషీట్ పేరుతో పుస్తకాల్లో పెట్టి అమ్మినవి వంగే ప్లాస్టిక్ కాగితాలు. నేరుగా ప్లేయర్‌లో తిరిగే పళ్ళెం (ప్లేటర్) మీద వేస్తే జారిపోతాయి, పాట సాగుతుంది. చదునుగా ఉన్న పాత ఎల్‌పీ ఒకటి కింద వేసి, దాని మీద దీన్ని పెట్టి, మధ్యలో అచ్చు ఉన్న చోట రూపాయి బిళ్ళ ఉంచండి. బిళ్ళను ముల్లు మోసే చేయి (టోన్‌ఆర్మ్) మీద పెట్టే పాత అలవాటు మానుకోండి, గాడి పోతుంది. ముల్లు బరువును కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించిన డబ్బీ) కంపెనీ చెప్పిన హద్దులో పై అంచుకు పెట్టుకోవాలి. తక్కువ పెడితే ముల్లు ఎగిరి గాడి గోడను కొడుతుంది. మడత పడ్డ షీటును మాత్రం ఎంత చవకైనా కొనొద్దు, ఆ మడత తీయడం ఎవరివల్లా కాదు.

ఫెయిర్ బూతుల్లో జనం తమ గొంతును అప్పటికప్పుడు రికార్డు చేసుకున్న అట్ట బిళ్ళలు కూడా అమ్మకానికి వస్తుంటాయి. అట్ట మీద పూసిన లాకర్ పొర కాలక్రమంలో పగిలి పెచ్చులూడుతుంది. వాటిని తడపకూడదు, ఆల్కహాల్ వాసన కూడా తగలనీయకూడదు. ముల్లు పెట్టిన ప్రతిసారీ కొంత శబ్దం పోతుంది కాబట్టి మొదటిసారి వేసేటప్పుడే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. శబ్దం శిఖరాలు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకుంటే చాలు.

అసలుదా, తర్వాత అచ్చేసిందా అన్నది లేబుల్ చుట్టూ ఖాళీగా ఉన్న నల్లటి పట్టీలో తెలుస్తుంది. ఫొటో పక్కనుంచి వెలుతురు పడేలా తీయించుకోండి. అక్కడ గీకిన అంకెలు కనిపించాలి. కొలంబియా బయటివాళ్ళకు అచ్చేసి ఇచ్చిన మోనో ఎల్‌పీల మీద ఎక్స్‌టీవీ, స్టీరియో వాటి మీద ఎక్స్‌ఎస్‌వీ అని మొదలవుతుంది. ఆర్‌సీఏ కోడ్‌లో మొదటి అక్షరం ఏడాదిని చెబుతుంది: ఎన్ అంటే 1962, ఆర్ అంటే 1964. న్యూయార్క్ ఫెయిర్ రికార్డు మీద అంతకు చాలా ముందటి అక్షరం కనిపిస్తే అది ఎప్పటిదో టేపుకు కొత్త అట్ట తొడిగిందన్న మాట. ఈ ఒక్క ఫొటో అడిగితే ధర గురించి చాలా మాటలు వాటంతటవే తగ్గుతాయి.

ఇక మన ఇంటి సంగతులు.

పాత అమెరికా ప్లేయర్ కూడా కలిపి కొందామనుకుంటే కరెంటు గురించి ఆలోచించండి. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మాత్రమే మారుస్తుంది, అక్కడి 60 హెర్ట్జ్‌ను (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) తెచ్చివ్వదు. ఏసీ మోటారున్న ప్లేయర్ మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిస్తుంది. 33⅓ కాస్తా 27.8 అవుతుంది, 45 కాస్తా 37.5 అవుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగుతుంది. అలా నెమ్మదిగా రికార్డు చేసి తర్వాత కంప్యూటర్‌లో 1.2 రెట్లు వేగం పెంచితే శ్రుతి సరవుతుంది గానీ, ముల్లు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్‌లోని ఆర్‌ఐఏఏ అనే ధ్వని సవరణ తప్పు చోట పడి బాస్, ట్రెబుల్ రెండూ తేడాగా వస్తాయి. ఒసాకా వైపు నుంచి వచ్చే పాత ప్లేయర్లకూ ఇదే జబ్బు, అక్కడ కూడా 60 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చండి, లేకపోతే డీసీ మోటారు ప్లేయర్ తీసుకోండి. వేగం పరీక్షకు స్ట్రోబ్ కాగితం (ప్లేయర్ మీద పెట్టి తిప్పే గీతల చక్రం) చాలు: 33⅓కి 50 హెర్ట్జ్ వలయంలో 180 గీతలుంటాయి, 60 హెర్ట్జ్ వలయంలో 216. మీరు చూడాల్సింది 180 గీతల వలయాన్ని, అది కదలకుండా నిలబడాలి. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కింద చూడండి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఏమీ తేలదు.

పాత హెచ్‌ఎంవీ ఫియెస్టా లాంటి పెట్టె ప్లేయర్లలో వేగం ఇబ్బంది లేదు, బరువే ఇబ్బంది. సిరామిక్ కార్ట్రిడ్జ్ నాలుగైదు గ్రాములు మోపుతుంది. ఎల్‌పీ ఎలాగో తట్టుకుంటుంది. అమెరికా 45 రికార్డులు కొన్ని స్టైరీన్‌తో పోసినవి, నాలుగుసార్లు తిరిగేసరికి ‘స’, ‘ష’ ధ్వనులు గరగరలాడతాయి. ఒంటారియో పాట లాంటి 45లకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల మధ్య నడిచే కార్ట్రిడ్జ్ వాడండి. వాటి నడుమ చిల్లు ఒకటిన్నర అంగుళాలు, మన దగ్గరి ఈపీల చిన్న చిల్లు కాదు. అడాప్టరు బిళ్ళ ముందే తెప్పించుకోండి. మోనో రికార్డు వేసేటప్పుడు రెండు చానెళ్ళనూ కలిపేస్తే చిటపటలు బాగా తగ్గుతాయి.

కడగడానికి బోరు నీళ్ళు వద్దే వద్దు. ఈ ప్రాంతపు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ రికార్డును పాడుచేసేది అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆరాక గాడిలో తెల్లటి పొర కడతాయి, ముల్లు వాటి మీద నడిస్తే ఇసుకలో నడిచినట్టే మోగుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో కూడా కొంత మిగులుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. పక్కనే ఆసిడ్ క్యాన్లు కూడా ఉంటాయి, పైలం. లీటరుకు రెండు మూడు చుక్కల వాసన లేని గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తిప్పుతూ రుద్ది, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి నిలబెట్టి ఆరబెట్టండి. లేబుల్ తడవనీయొద్దు. జిడ్డు మరకలకు వినైల్ (ఎల్‌పీ ప్లాస్టిక్) మీద మాత్రం నూటికి పది పాళ్ళు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొచ్చు. 78 లక్క రికార్డు మీద అది పడితే లక్క కరుగుతుంది.

మార్చి నుంచి జూన్ దాకా రికార్డు తెప్పించుకోవద్దు. మేలో ఇక్కడ ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన కొరియర్ వ్యాను లోపల వేడి అంతకన్నా చాలా ఎక్కువ, ఎల్‌పీ పళ్ళెంలా వంగడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. నవంబర్, జనవరి మధ్య ఆర్డరు పెట్టండి. రికార్డును అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక విడిగా పెట్టి, రెండు వైపులా గట్టి కార్డుబోర్డు వేసి పంపమనండి. లోపలే ఉంటే దారిలో కుదుపులకు అట్ట అంచు చీలుతుంది. ధర చూసేటప్పుడు రికార్డు, పోస్టేజీ, కస్టమ్స్ మూడూ కలిపి చూడండి. చవక 45లకు పోస్టేజీ రికార్డు ధరను మించిపోతుంది కాబట్టి ఒకే చోట మూడు నాలుగు కలిపి తీసుకుంటేనే గిట్టుబాటు.

ఇంట్లో రేకుల కింద, మిద్దె పై గదిలో పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు. కింది అంతస్తులో, లోపలి గోడ పక్కన, నిటారుగా, వదులుగా కాకుండా బిగుతుగా కాకుండా నిలబెట్టాలి. ఇప్పటికే కొద్దిగా వంగిన ఎల్‌పీని రెండు మందపాటి గాజు పలకల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, చల్లటి గదిలో కొన్ని వారాలు వదిలేస్తే కొంతవరకు దారికొస్తుంది. ఎండలో పెట్టి సరిచేస్తామంటే వంపు పోవడం సంగతేమో గానీ గాడి పోతుంది. సోనోషీట్లను మాత్రం నిలబెట్టకండి. వాటి పుస్తకంలోనే పడుకోబెట్టి, పైన ఒక్క ఎల్‌పీ బరువు వేసి ఉంచండి.